నేతగాళ్ళు గెలిచిన కప్పు

శశికళకు కూరగాయల బండివాడి తక్కెడ మీద అనుమానం. కరెంటు మీటరు మీద అనుమానం. పక్క షాపువాళ్ళు నవ్వుతూ పలకరిస్తే ఆ నవ్వు మీద అనుమానం. "నీ నీడ గూడా నిన్ను అడిగి నడవాల" అంటూ ఉంటాడు మొగుడు మంజునాథ్. ఆ మాటకు ఆమె కోపం తెచ్చుకోదు. కబ్బన్‌పేట సందులో ఈ జెర్సీల షాపు ఇన్నేళ్ళు నిలబడిందంటే తన అనుమానమే కారణమని, అందర్నీ నమ్ముకుని కూర్చుని ఉంటే ఎప్పుడో మూతపడేదని ఆమె నమ్మకం. అయితే ఆ గురువారం పొద్దున కలిగిన అనుమానం ఇలాంటి చిల్లరమల్లర బాపతు కాదు.

ఆ వారమంతా షాపులో ఒకటే పని. జాతీయ అమెచ్యూర్ ఫుట్‌బాల్ కప్పుకు డెబ్బై ఐదేళ్ళు నిండాయి. ఈసారి ఫైనల్ బెంగళూరులోనే, ఆదివారం నాడు. ఆటకు ముందు పాత విజేతల్లో బతికున్నవాళ్ళంతా పేర్లున్న జెర్సీలు తొడుక్కుని మైదానం చుట్టూ నడుస్తారట. ఆ జెర్సీల ఆర్డరు శశికళకు వచ్చింది. ప్లాస్టిక్ రేకులో కోసిన అక్షరాలను బల్ల మీద పరిచి, సూదిమొనతో వాటి కడుపుల్లో ఉండిపోయిన ముక్కల్ని ఏరి పారేస్తోంది. అక్షరాలను జెర్సీ వీపు మీద వరస తప్పకుండా పేర్చి, పైన పల్చటి కాగితం కప్పి, వేడి మిషను పిడి కిందికి లాగి నొక్కి పట్టుకుంటుంది. కుయ్యిమనగానే పిడి వదిలేస్తుంది. కాగితాన్ని ఒక మూల నుంచి మెల్లిగా ఒలుస్తుంది. పని సాఫీగా సాగిపోతోంది.

మిషను పిడి నొక్కిపట్టి, ఫోనులో తర్వాతి పేరు చూసింది. "పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు. కబ్బన్‌పేట. సొన్నప్ప, కెప్టెన్."

మిషను కుయ్యిమంది. ఆమె పిడి వదల్లేదు. మాడిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడిపోయింది.

"ఏయ్, బట్ట కాలిపోతాంది!" అని మంజునాథ్ పరిగెత్తుకొచ్చి పిడి పైకెత్తాడు. "ఏమైంది నీకు?"

"ఆ ఏడు కెప్టెన్ మా నాయన. సొన్నప్ప ఎట్ల కెప్టెన్ అయినాడు?"

"తప్పు పడుంటాది. ఫోన్ చేసి చెప్పు."

"తప్పులు వాటికవే పడవు. ఎవురో ఒకరు పడేస్తారు."

పైకెళ్ళి తల్లితో చెప్పింది. చౌడమ్మ నేల మీద కూర్చుని నానబెట్టిన అవరె గింజల్ని, అంటే అనప గింజల్ని, పితుకుతోంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య గింజను నొక్కితే పప్పు ఎగిరి గిన్నెలో పడుతోంది, తోలు ఆమె వేళ్ళకు అంటుకుంటోంది. కళ్ళకు శుక్లాలు ముదిరి ఎదురుగా ఉన్న మనిషి కూడా మసకగానే కనిపిస్తుంది గానీ ఈ పనికి కళ్ళతో అవసరం లేదు. సొన్నప్ప పేరు వినగానే ఒక గింజ గురితప్పి గడప దాకా దొర్లిపోయింది.

"పోనీలే పాపా. ఆయనే పోయినంక ఇప్పుడెందుకు ఈ గలాటా?" అంది చౌడమ్మ.

"నువ్వెప్పుడూ ఇంతే. నాయన బతికున్నన్ని దినాలూ ఏం చెప్పేవాడు? 'కప్పు మీది నా పేరు ఆ సొన్నప్పగాడు గీకేసినాడు' అని చెప్పలేదా? ఇప్పుడు జూడు, గీకిన చోట తన పేరు పెట్టుకుంటా ఉండాడు. నాయన సావుకు గూడా రాని మనిషి!"

చౌడమ్మ గడప దగ్గర పడ్డ గింజ కోసం నేల మీద చెయ్యి తడిమింది.

*

మర్నాడు శశికళ మైదానానికి వెళ్ళింది. గేటు లోపల పొడవాటి గోడకు రంగురంగుల బోర్డులు బిగిస్తున్నారు. ఆ పని చూస్తున్న కుర్రాడు చైతు. ఊరు గుంటూరు, ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో, ఉండేది హూడిలో. ఫుట్‌బాల్ పిచ్చితో సెలవు పెట్టి మరీ ఈ కప్పు చరిత్ర గోడ తయారు చేస్తున్నాడు.

"రండి ఆంటీ, జెర్సీలు రెడీనా?"

"జెర్సీలు తర్వాత. ముందు కప్పు చూపీ."

చైతు సంబరంగా తీసుకెళ్ళాడు. వాడికి ఆ కప్పు గురించి ఎవరో ఒకరికి చెప్పడమంటే పండగ. అద్దాల పెట్టెలో మోకాలెత్తు వెండి కప్పు, దాని కింద చెక్క దిమ్మె, దిమ్మె చుట్టూ మెట్లుమెట్లుగా వెండి పట్టీలు.

"దీని కాన్సెప్టే సూపర్ ఆంటీ. పగలంతా ఏదో పని చేసుకునేవాళ్ళే ఆడాలి. ఆటకు రూపాయి తీసుకున్నా టీమ్ మొత్తం అవుట్. ఫస్ట్‌లో ఐతే చాలామంది షూస్ కూడా లేకుండానే ఆడారు. పోస్ట్‌మెన్, మిల్లు వర్కర్స్, రైల్వే కూలీలు, మీ కబ్బన్‌పేట నేతవాళ్ళు. ఇప్పటికీ ప్రైజ్ మనీ లేదు. గెలిస్తే ఒక సంవత్సరం కప్పు కెప్టెన్ ఇంట్లో ఉండేది, అంతే. ఎయిటీస్‌లో ఆ ఇంటికిచ్చే పద్ధతి కూడా ఆపేసి, అప్పట్నుంచి ఇక్కడే ఉంచుతున్నారనుకోండి. ఇంకో ట్రెడిషన్ ఉంది. టీమ్ పేరు అసోసియేషన్ చెక్కిస్తుంది. కెప్టెన్ పేరు మాత్రం వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ భాషలో వాళ్ళే కొట్టించుకోవాలి. చూడండి, ఇది బెంగాలీ. ఇది మలయాళం. ఇదేదో నాకూ తెలీదు."

శశికళ అతని మాటలు వింటూనే వంగి డెబ్బై నాలుగో ఏటి పట్టీ వెతుక్కుంది. కబ్బన్‌పేట అని లోతుగా చెక్కిన ఇంగ్లీషు అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి కింద ఉండాల్సిన చోట ఏమీ లేదు. గరిటె వీపులా నున్నగా ఉంది. ఆ కప్పు మొత్తం మీద తెలుగు అక్షరాలంటూ ఉంటే అక్కడ ఒక్కచోటే ఉండాలి. నాయన పేరు. అద్దానికి ముక్కు ఆనించి చూసింది.

"గీకినారు" అంది.

"అరిగిపోయి ఉంటుంది ఆంటీ. ఓల్డ్ కప్పు కదా."

"పైన పట్టీ అరగలేదు, కింద పట్టీ అరగలేదు. మా నాయన పేరు మాత్రం దానికదే అరిగిపోయిందా? నువ్వు చదువుకున్నోనివే కదా, నువ్వే చెప్పు."

"ఫోటోలో కప్పు పట్టుకుంది సొన్నప్ప గారు. సో, ఆయనే కెప్టెన్ అనుకుని పెట్టేశా. ఆయన్నింకా అడగలేదు" అని చైతు నసిగాడు.

"ఆ పొద్దు ఆటలో మా నాయన కాలు ఇరిగింది. ఫోటో తీసే లోపలే ఆస్పత్రికి మోసుకుపోయినారు. ఆ కాలు మళ్ళా సరిగ్గా కూడలేదు. మళ్ళా ఆయన బంతి తన్నలేదు. మగ్గం గుంతలో కాలు పెట్టినప్పుడల్లా పళ్ళు కొరికేవాడు. ఆ ఒక్క పేరే ఆయన సంపాదించుకునింది."

చైతు మొహం చిన్నబోయింది. "సారీ ఆంటీ. నిజంగా నాకు తెలీదు. కానీ కమిటీ రూల్ ఏంటంటే, కప్పు మీద ఉంటేనే బోర్డు మీద. లేదంటే ఆ టీమ్ వాళ్ళెవరైనా చెప్పాలి. ఆ టీమ్‌లో ఇప్పుడు ఉన్నది సొన్నప్ప గారొక్కరే. రేపు సాయంత్రం బోర్డు ప్రింటుకి వెళ్ళిపోతుంది."

"బాగుండాది. దొంగనే పిల్చి సాక్ష్యం చెప్పమంటారా?"

వెనక నుంచి దగ్గు వినిపించింది. తెల్ల గుడ్డబూట్లు, మోకాళ్ళ దాకా వేలాడే స్వెట్టరు, నడుముకు అద్దాల పెట్టె తాళంచెవి. సొన్నప్ప. ఎన్నో ఏళ్ళుగా ఆ కప్పుకు కావలి ఆయనే. దొంగకు తాళాలు ఇచ్చారని నాయన తిట్టిపోసేది ఈ మనిషినే.

శశికళ పక్కకు తప్పుకోలేదు. "మా నాయన పేరు ఎవురు గీకినారు?" అని మొహం మీదే అడిగేసింది.

సొన్నప్ప ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ముక్కు, కనుబొమలు అచ్చం ఆమె నాయన పెద్దమునియప్పవే మరి. "మీ అమ్మ బాగుండాదా?" అన్నాడు.

"మాట మార్చాకండి."

"మార్చలేదు. రేపు వదినను పిల్చకరా. ఆమె కప్పు జూసి ఏం చెప్తే అదే రాయిస్తా. నేను అడ్డం చెప్పను."

"మా అమ్మ నోరు లేనిదనే కదా మీ ధైర్యం!"

ఆయన జేబులోంచి గుడ్డ తీసి, ఆమె ముక్కు ఆవిరి అంటిన అద్దాన్ని తుడిచి వెళ్ళిపోయాడు. ఇంత సులువుగా ఒప్పుకున్నాడంటే ఇందులో ఏదో మెలిక ఉందని శశికళ ఇంటిదాకా ఆలోచిస్తూనే ఉంది. అమ్మకు కళ్ళు కనపడవని తెలుసుకునే పిలిచి ఉంటాడు. ఏదో ఒకటి చూపించి ఔననిపిస్తాడు. పాతవాళ్ళ ఎత్తులు ఇలాగే ఉంటాయి.

*

చౌడమ్మ రానంది. మోకాళ్ళ నొప్పులంది, కళ్ళు కనపడవంది, ఆటో కుదుపులకు పడదంది. శనివారం మధ్యాహ్నం శశికళ ఆమె తల దువ్వి, ఉతికిన చీర కట్టించి, ఆటో ఎక్కించింది. దారి పొడుగునా పాఠం చెప్పింది.

"నువ్వు చెప్పాల్సింది ఒకటే మాట. కప్పు మనింట్లోనించి పోయేటప్పుడు నాయన పేరు ఉండింది. అంతే. ఆ తర్వాత ఏడు కప్పును కలకత్తాకు తీస్కపోయింది సొన్నప్ప. మధ్యలో ఇంకెవురి చేతా పడలేదు. మిగిలింది వాళ్ళే అర్థం చేసుకుంటారు. ఏమ్మా, ఇంటాండావా?"

చౌడమ్మ ఆటో ఇనప కమ్మీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. భయమేసి ఉంటుంది పాపం అనుకుంది శశికళ. నాయన కేకలకు అలవాటుపడి ఈమె మాట్లాడటమే మర్చిపోయిందని జాలిపడింది.

మైదానంలో సున్నం గీతలు గీస్తున్నారు. చైతు కుర్చీ తెచ్చి వేశాడు. సొన్నప్ప అప్పటికే అక్కడ ఉన్నాడు. "బాగుండావా వదినా?" అన్నాడు. చౌడమ్మ ఆ గొంతు వచ్చిన వైపు తల తిప్పింది. ఆయన అద్దాల పెట్టె తాళం తీసి, తలుపు బార్లా తెరిచి, తాను వెనక్కి జరిగాడు.

"పట్టీ నేను చూపిస్తా" అంటూ శశికళ ముందుకు వంగింది.

అవసరం లేకపోయింది. చౌడమ్మ కుర్చీలో కూర్చోలేదు. దిమ్మె అంచును ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచెయ్యి పట్టీల మీదుగా పైకి పోయింది. ఒకటి దాటింది, ఇంకొకటి దాటింది, నున్నటి చోట ఆగింది. ఎవరూ చెప్పకుండానే ఆగింది. బొటనవేలు ఆ నునుపులో సరిగ్గా ఇమిడింది. ఇమిడి, అటూ ఇటూ మెల్లగా రుద్దింది. పళ్ళేన్ని తోమే ఆడవాళ్ళ వేలు ఎలా కదులుతుందో అలాగే కదిలింది.

శశికళ జీవితంలో ఎవరెవరినో అనుమానించింది గానీ ఈమెను ఎప్పుడూ అనుమానించలేదు.

"ఉండ్లేదు" అంది చౌడమ్మ.

"ఏమి ఉండ్లేదు?"

"కప్పు మనింట్లోనించి పోయేటప్పుడే పేరు ఉండ్లేదు పాపా."

చైతు ఏదో అనబోతే సొన్నప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీ నాయన మంచం మీదే ఉండె. కాలికి కట్టు. ఎదురుగ్గా కప్పు పెట్టించుకున్న్యాడు. పేరు పాత్రలంగట్లో కొట్టిచ్చినారు, గిన్నెల మీద కొట్టినట్ల, చుక్కలు చుక్కలుగా. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు పెట్టి, ఆయన పేరుకు కుంకం పెట్టి, హారతి ఇచ్చేదాన్ని. మళ్ళా శుక్రవారానికి ఆ కుంకం చుక్కల్లో ఇరుక్కోని ఉండేది. చింతపండు, ఇటికపొడి ఏసి తోమేదాన్ని. నాకు తెల్సిందల్లా ఇత్తడి బిందెలే. వెండిని అట్ల తోమగూడదని నాకెవురు చెప్పినారు? 'నా పేరు మెరిసిపోతాంది చౌడా' అనేవాడు మీ నాయన. ఆ మాట కోసం ఇంకా తోమితిని. దసరాకు ఆయుధపూజ చేస్తా చూస్తే చుక్కలు పల్చబడినాయి. బయమేసింది. అప్పట్నించి తోమడం మాని, కుంకం దట్టంగా పెట్టినా. ఆయనకు కనపడకుండా."

"ఆ కుంకం నేను రైల్లో తుడిస్తి" అన్నాడు సొన్నప్ప. "కలకత్తాలో కప్పు అప్పగించాల కదా, శుభ్రంగా ఉండనీ అని. కింద ఏమీ లేదు. నా ప్రాణం పోయినట్లయింది."

"మీకు తెల్సా?" శశికళ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఇన్నేండ్లూ తెల్సా? నాయన ఊరంతా మిమ్మల్ని దొంగ దొంగ అంటా ఉంటే ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పేది? నన్నంటే గ్రౌండులో అంటాడు. అని ఇంటికి పోతాడు. మీ అమ్మననాలంటే ఇంట్లో అంటాడు. పొద్దున లేస్తే అంటాడు, అన్నం తింటా అంటాడు. కాలు పోయిన కోపమంతా ఆమె మీద పోసేవాడు. వాణ్ణి నాకు తెలీదా?" సొన్నప్ప ఆగి ఊపిరి తీసుకున్నాడు. "అట్లని నాకు బేజారు లేదనుకోవద్దు. వాని సావుకు నేను రాలేదు. రాబుద్ధి కాలేదు. ఇదో, ఈ పిల్లోడు అడిగుంటే మునియప్పే కెప్టెనని చెప్పి ఊరుకునేవాణ్ణి. నిన్న నువ్వొచ్చి అదే మాట అన్న్యావు చూడు, అప్పుడు పట్టింది మొండి. వానితో పడినా, వాని బిడ్డతో గూడా పడాల్నా అని."

శశికళ తల్లి వైపు తిరిగింది. కోపం కట్టలు తెంచుకుంది. "నాయన ఈయన్ను తిట్టినప్పుడల్లా నువ్వు పక్కనే ఉంటివి కదమ్మా. అన్నం వడ్డిస్తా ఇంటా ఉంటివి కదా?"

"ఇన్న్యా" అంది చౌడమ్మ. "ప్రతి పొద్దూ ఇన్న్యా."

సాకు చెప్పలేదు, ఏడవలేదు. ఆ చెయ్యి మాత్రం పట్టీ మీద నుంచి తీసి, చీర మడతల్లో దాచుకుంది.

సొన్నప్ప చైతు భుజం తట్టాడు. "రాసుకో అప్పా. డెబ్బై నాలుగు, కబ్బన్‌పేట, కెప్టెన్ పెద్దమునియప్ప. సాక్షి సొన్నప్ప, వైస్ కెప్టెన్." చైతు లాప్‌టాప్‌లో టైపు చేసి, అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని తెర శశికళ వైపు తిప్పాడు. ఆమె కోరుకున్నది అదే. ఆ పేరు కోసమే ఆ రెండు రోజులూ సరిగ్గా తిండి తినలేదు. తీరా చూస్తే కళ్ళల్లో నీళ్ళు తిరిగి ఒక్క అక్షరమూ కనిపించలేదు. సరిగ్గానే ఉందని తలూపింది.

*

తల్లిని ఆటోలో కూర్చోబెట్టి ఆమె వెనక్కి వచ్చింది. సొన్నప్ప పెట్టెకు తాళం వేస్తున్నాడు.

"చిన్నాయనా" అంది. ఆ పిలుపు పలకడం ఆమెకు అదే మొదలు. "తప్పయిపోయింది. రేపు ఆట అయినంక మా ఇంటికి రాండి. భోజనానికి. మా ఆయన్ను పంపిస్తా."

సొన్నప్ప తాళాన్ని ఒకసారి లాగి చూసుకున్నాడు. "మునియప్ప ఫోటో పెట్టుంటారు కదా ఇంట్లో?"

"ఉండాది. నడవాలోనే."

"వాని ముందర నేనింకా దొంగనే కదమ్మా. దొంగను కూసోబెట్టి అన్నం పెడితే వాడు ఊరుకుంటాడా?" అని ఆయన నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "ముందు వానికి చెప్పండి. చెప్తే వస్తా."

దారిలో శశికళ ఆ మాట తల్లికి చేరవేసింది. ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. మెట్లెక్కడానికి చెయ్యి ఇవ్వబోతే, వద్దని గోడ పట్టుకుని తనే ఎక్కింది. శశికళ వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించింది. పాలు పెట్టింది. చెప్పదులే అనుకుంది. నాయన బతికున్నప్పుడు చెప్పనిది ఫోటోకు చెబుతుందా? రేపు అడిగితే చెప్పినానంటుంది, అంతే. మనసులో ఆ అనుమానం పుట్టాక ఇక కాళ్ళు నిలవలేదు. పొయ్యి తగ్గించి, చప్పుడు చెయ్యకుండా వచ్చి తలుపు చాటున నిలబడింది.

చౌడమ్మ నడవాలో ఫోటో ఎదురుగా ఉంది. అద్దం మీద దుమ్ము ఉందనుకుందో ఏమో, పైటకొంగు ఎత్తి తుడవబోయింది. చెయ్యి మధ్యలోనే ఆగింది. కొంగు దించేసింది.

"ఏమయ్యా" అంది. అన్నానికి పిలిచినంత మామూలుగానే అంది. "రేపు సొన్నప్ప వస్తాడు, ఇంటికి. పితికిన పప్పు చేస్తాండాము. ఆయన్ను నువ్వేమీ అనాకు. నీ పేరు తీసింది ఆయన గాదు. నేను. తోమి తోమి నేనే తీసేసినా. చెప్తే తిడతావని చెప్పలేదు. ఇప్పుడు తిట్టు."

అని, తిట్లు తినడానికి నిలబడినట్టే, తల వంచుకుని నిలబడింది. ఎంతసేపటికీ తలెత్తలేదు.

వంటింట్లో పాలు పొంగిన వాసన వస్తోంది. శశికళ వెనక్కి పోలేదు. సొన్నప్పను, ఆయన వింటుండగానే, దొంగ అన్న నోరు తనది కూడా. తలుపు చాటు నుంచి బయటికి వచ్చి, తల్లి పక్కన తనూ తల వంచుకుని నిలబడింది.